ప్రథమ పురుషుడు, ఉత్తమ పురుషుడు: కథ చెప్పే సాక్షి ఎవరు?



సంస్కృత వ్యాకరణాన్ని ఆరంభించిన బాలుడు క్రియారూపాలను వల్లించేటప్పుడు మొదట 'అతడు చదువుచున్నాడు' అనే అర్థమిచ్చే రూపాన్ని పలుకుతాడు. పిదప 'నీవు' వస్తుంది. 'నేను' చిట్టచివర వస్తుంది. పాణిని మహర్షి పురుషత్రయాన్ని ప్రథమ, మధ్యమ, ఉత్తమ అనే క్రమంలోనే పేర్కొన్నారు. తెలుగు వ్యాకరణమూ ఆ సంజ్ఞలనే స్వీకరించింది. ఇంగ్లీషు వ్యాకరణంలో లెక్క 'నేను'తో మొదలవుతుంది. అందుకే అక్కడి 'ఫస్ట్ పర్సన్'ను ఇక్కడి 'ప్రథమ పురుష'గా పొరబడే విద్యార్థులు నేటికీ ఉన్నారు. ఒక సంప్రదాయం లోకాన్ని 'నేను' నుండి లెక్కించింది. మరొకటి 'అతడు' నుండి లెక్కించి 'నేను'ను అంతంలో నిలిపింది.

ఇక్కడ 'ఉత్తమ' శబ్దానికి 'కడపటిది' అని అర్థం. శ్రీమద్భగవద్గీత పంచదశాధ్యాయంలోనూ ఉత్తమ పురుషుడనే మాట వస్తుంది. అక్కడ అది క్షరాక్షరాలకు అతీతుడైన పరమాత్మను సూచిస్తుంది. వ్యాకరణ సంజ్ఞకూ గీతావాక్యానికీ శాస్త్రరీత్యా సంబంధం లేదు. అయినప్పటికీ మననం చేసే సాధకునికి ఒక భావం స్ఫురించక మానదు. 'అది', 'అతడు', 'నీవు' అని చూపదగినవన్నీ తొలగిన తరువాత, ఇక చూపడానికి వీలుకాక శేషించేదే అసలైన 'నేను'. మొదట్లోనే తొందరపడి పలికే 'నేను' అది కాదు.

కథ వ్రాయబూనిన ప్రతివాని ఎదుట మొట్టమొదట నిలిచే ప్రశ్న ఇదే: ఈ కథ ఎవరు చెప్పాలి? 'నేను' అని చెప్పాలా, 'అతడు' అని చెప్పాలా? ఒక్కని కన్నుతో చూడాలా, అందరి హృదయాలలోకీ ప్రవేశించి చూడాలా? సాహిత్య విమర్శకులు దీనిని దృష్టికోణమని పిలిచి శిల్పభాగంలో చేర్చారు. అది సరియైనదే. కాని వేదాంత దృష్టితో పరిశీలిస్తే ఇది శిల్పంతో ముగిసే విషయం కాదు. ఎవరికి ఎంత తెలుసును, ఎవరి పక్షాన పలికే అధికారం ఎవరికి ఉన్నది, తన్ను తాను ఎంత దూరం నుండి చూడగలడు అనే మూడు ప్రశ్నలు ఇందులో ఇమిడి ఉన్నాయి. మొదటిది జ్ఞానానికి, రెండవది ధర్మానికి, మూడవది సాధనకు సంబంధించినవి.

ఇతిహాసాలలో వక్త స్థానం

వ్యాస భగవానుడు మహాభారతానికి కర్త మాత్రమే కాదు, అందులో ఒక పాత్ర కూడా. ధృతరాష్ట్ర పాండురాజులకు జన్మనిచ్చినవాడు ఆయనే. యుద్ధంలో ఉభయపక్షాలా నేలకూలినవారు ఆయన వంశీయులే. అట్టి మహర్షి 'నా మనుమలు ఇట్లు నశించిరి' అని చెప్పలేదు. జనమేజయుని సర్పయాగంలో తాను సదస్యుల నడుమ ఆసీనుడై ఉండి, కథ చెప్పే భారాన్ని శిష్యుడైన వైశంపాయనునికి అప్పగించాడు. ఆ కథలో వ్యాసుడు వచ్చినప్పుడల్లా ద్వైపాయనుడిగానే, అంటే 'అతడు'గానే వస్తాడు. తన దుఃఖాన్ని ఇతరుని నోట, ప్రథమ పురుషలో, సభామధ్యంలో మౌనంగా కూర్చుని వినిన కవి ఆయన.

వాల్మీకి రామాయణంలో ఇంతకన్న సూక్ష్మమైన సన్నివేశం ఉన్నది. బ్రహ్మ వరప్రభావం చేత రహస్యమైనదీ ప్రకాశమైనదీ ఆ మునికి కరతలామలకమైంది. సర్వజ్ఞ కథనమనే దానికి మన వాఙ్మయంలో ఆదిరూపం అదే. అయితే ఆ సర్వజ్ఞత్వం కవి స్వయంగా ఆరోపించుకున్నది కాదు, యోగదృష్టి ద్వారా అనుగ్రహింపబడినది. ఆ కావ్యాన్ని కుశలవులు గానం చేయగా శ్రీరామచంద్రుడు సోదరులతో కూడి విన్నాడు. తాను అనుభవించిన వియోగాన్నీ, తాను తీసుకొన్న నిర్ణయాలనూ 'రాముడు' అనే మరొకని కథగా ఆ ప్రభువు విన్నాడు. గానం చేసేవారు తన కుమారులని అప్పటికి ఆయనకు తెలియదు. తన జీవితమే తనకు దృశ్యమై ఎదుట నిలవడానికి ఇంతకు మించిన నిదర్శనం దుర్లభం.

సంజయుని మాట వేరు. వ్యాసానుగ్రహం వల్ల ఆయనకు దివ్యదృష్టి లభించింది. భీష్ముడు నేలకొరిగిన వార్తను మొదట చెప్పి, ఆ పిమ్మటనే వెనుకకు మరలి యుద్ధారంభాన్నీ గీతోపదేశాన్నీ ధృతరాష్ట్రునికి వినిపించాడు. ఫలితం తెలిసినవాడు ఆరంభం చెబుతున్నాడు. అయినా కృష్ణార్జునుల సంభాషణ నడుమ తన వ్యాఖ్యానాన్ని చొప్పించలేదు. సంవాదమంతా ముగిసిన తరువాత, కడపటి కొన్ని శ్లోకాలలో మాత్రమే సంజయుడు 'నేను' అంటాడు. తాను విన్నాననీ, తలచుకొన్నకొద్దీ హర్షిస్తున్నాననీ చెబుతాడు. సాక్షి అంటే శుష్కుడని భావించేవారికి సంజయుడే సమాధానం. ఆయనకు రోమాంచం కలిగింది. కాని కథకు తన రోమాంచాన్ని అడ్డుపెట్టలేదు.

మంథని ప్రతినిధి వ్రాసిన 'అతడు'

ఈ ప్రశ్న ఆధునిక కాలంలో స్పష్టంగా మూర్తీభవించిన ఉదాహరణ గోదావరీ తీరంలోనే లభిస్తుంది. నేటి పెద్దపల్లి జిల్లాలోని మంథని వేదవిద్యకు ప్రసిద్ధి చెందిన క్షేత్రం. మంత్రపురి అని దానికి ప్రాచీన నామం చెబుతారు. గౌతమేశ్వరుడు అక్కడ నదీతీరాన వెలసి ఉన్నాడు. ఆ మంథని నుండి 1957లో శాసనసభకు ఎన్నికై, 1977 వరకు ఆ స్థానానికే ప్రాతినిధ్యం వహించినవారు పాములపర్తి వేంకట నరసింహారావు గారు. 1971 నుండి 1973 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా, 1991 నుండి 1996 వరకు భారత ప్రధానమంత్రిగా ఆయన పదవులు నిర్వహించారు. లోకం ఆయనను రాజనీతిజ్ఞునిగా ఎరుగును. కథన దృష్టికోణానికి సంబంధించి ఆయన చేతి మీదుగా వెలువడిన మూడు గ్రంథాలను పక్కపక్కన ఉంచి చూసినవారు అల్పసంఖ్యాకులు.

మొదటిది విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు'. పి.వి. గారు దీనిని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. అది 1968లో వెలువడింది. 1959 ప్రాంతంలో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా ఉన్న విశ్వనాథ వారు ఈ ప్రాంతానికి పరాయివారు కారు. 'వేయిపడగలు' ప్రథమ పురుషలో సాగే నవల. సుబ్బన్నపేట అనే గ్రామం, దాని దైవం, దాని పతనం అందులో విషయం. ధర్మారావు పాత్రలో రచయిత ఛాయను చూడని పాఠకుడు అరుదు. అయినా కథ ధర్మారావు ఒక్కనిదే కాదు. గిరిక భక్తి, గణాచారి ఆవేశం, పసిరిక జీవితం, వీటన్నింటిలోకీ కథకుని దృష్టి ప్రసరిస్తుంది. 'నేను' అని వ్రాసి ఉంటే ధర్మారావుకు కనబడినంత మేరకే గ్రామం కనబడేది. వేయి పడగలను చూడడానికి ఒక్క కన్ను చాలదు.

రెండవది మరాఠీ రచయిత హరి నారాయణ ఆప్టే నవల 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో'. పి.వి. గారు దానిని 'అబల జీవితం' పేరుతో తెలుగు చేశారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకపు ఆ నవలలో యమున అనే స్త్రీ తన బాల్యాన్నీ వివాహాన్నీ వైధవ్యాన్నీ తానే చెప్పుకుంటుంది. వ్రాసినవాడు పురుషుడు, పలికేది స్త్రీ. ఇక్కడి 'నేను' అహంకారానికి చిహ్నం కాదు. ఆ కాలంలో వితంతువు బాధను ఆమె పక్షాన లోకం చెప్పుకునేదే తప్ప, ఆమె నోట ఆమె కథను ఓపికగా వినేవారు తక్కువ. తన 'నేను'ను ఖాళీ చేసి ఆ స్థానాన్ని ఆమెకు దానమిచ్చాడు రచయిత. కనుక ఉత్తమ పురుష కథనమంతా స్వార్థమనీ, ప్రథమ పురుష కథనమంతా నిస్సంగమనీ నిర్ణయించడం తగదు.

మూడవది పి.వి. గారి స్వీయ రచన. 1998లో ఇంగ్లీషులో 'ది ఇన్‌సైడర్' పేరుతో వెలువడిన ఈ నవలను కల్లూరి భాస్కరం గారు 'లోపలి మనిషి'గా తెలుగు చేశారు. కథానాయకుని పేరు ఆనంద్. అతని రాష్ట్రం అఫ్రోజాబాద్, కల్పితం. నిజాం పాలన నాటి బాల్యం, విద్య, రాజకీయ ప్రవేశం, అధికారం చుట్టూ అల్లుకున్న కుతంత్రాలు అందులో వర్ణితమయ్యాయి. ఆ జీవితరేఖ రచయిత జీవితరేఖను అనుసరిస్తున్నదని పాఠకులందరూ గ్రహించారు. ప్రధానమంత్రిగా గడచిన కాలం ఆ నవలలోకి రాదు. నెహ్రూ, ఇందిర వంటి జాతీయ నాయకులు తమ పేర్లతోనే వస్తారు. రాష్ట్ర రాజకీయాల మనుషులు మాత్రం మారుపేర్ల వెనుక ఉంటారు. దూరస్థులకు అసలు పేరు, సమీపస్థులకు ముసుగు. అందరికన్న సమీపస్థుడైన తనకు అన్నింటికన్న దట్టమైన ముసుగు: 'అతడు'.

ఇది దాగడమా, చూడడమా? రెండు సమాధానాలూ సాధ్యమే. ఉన్నత పదవిలో ఉండినవాడు 'నేను' అని వ్రాస్తే ప్రతి వాక్యం సాక్ష్యమవుతుంది, వివాదమవుతుంది. నవల అనే ముసుగు లౌకిక రక్షణ కల్పిస్తుంది. ఇది ఒక పక్షం. వ్యాసుడు ద్వైపాయనుణ్ణి చూచినట్లు తన పూర్వ జీవితాన్ని తాను ఎదురుగా నిలుపుకొని చూడడం రెండవ పక్షం. ఈ రెండింటిలో ఏది నిజమో నిర్ణయించడానికి రచయిత మనసులోకి ప్రవేశించనక్కరలేదు. ఒక పరీక్ష చాలును: ఇతర పాత్రలకు వర్తింపజేసిన కొలతను కథకుడు తన ప్రతిరూపానికీ వర్తింపజేశాడా? పరుల లోపాలు స్పష్టమై, ఆనంద్ లోపాలు మాత్రం సద్గుణాల వలె కనబడిన చోట 'అతడు' కవచం. ఆనంద్ తడబాటూ భయమూ అంతే స్పష్టంగా కనబడిన చోట 'అతడు' దర్పణం. ఒకే గ్రంథంలో ఈ రెండూ పుటపుటకూ మారవచ్చు. పుస్తకం చేత పట్టిన ప్రతి పాఠకుడూ ఈ పరీక్షను తానే చేసుకోవచ్చు.

రామగిరి యక్షుడు

మంథనికి సమీపంలోనే రామగిరి దుర్గం ఉన్నది. కాళిదాసు 'మేఘదూతం'లోని రామగిరి ఇదేనని స్థానికుల విశ్వాసం. పండితులు అధికంగా నాగపూర్ సమీపంలోని రామ్‌టెక్‌ను రామగిరిగా భావిస్తారు. మంథని ప్రతినిధిగా ఇరవై సంవత్సరాలు గడిపిన పి.వి. గారు 1984లోనూ 1989లోనూ ఆ రామ్‌టెక్ నుండే లోక్‌సభకు ఎన్నిక కావడం ఒక యాదృచ్ఛిక విశేషం. రెండు రామగిరుల మధ్య తీర్పు ఇక్కడ ప్రస్తుతం కాదు. కావ్య నిర్మాణమే ప్రస్తుతం.

కాళిదాసు తన నాయకునికి పేరు పెట్టలేదు. శాపగ్రస్తుడైన ఒకానొక యక్షుడు అని మాత్రమే చెప్పి ఆరంభించాడు. స్వల్పసంఖ్యలో శ్లోకాలు ప్రథమ పురుషలో నడిపి, మిగిలిన కావ్యమంతా ఆ యక్షునికే అప్పగించాడు. యక్షుడు మేఘాన్ని 'నీవు' అని సంబోధిస్తాడు. ప్రేయసికి పంపే సందేశం దగ్గరకు వచ్చేసరికి 'నేను' అంటాడు. 'అతడు', 'నీవు', 'నేను' అనే క్రమంలోనే, అంటే వ్యాకరణం చెప్పిన క్రమంలోనే, కావ్యం బయటి నుండి లోపలికి ప్రయాణిస్తుంది. విరహం యొక్క కేంద్రానికి చేరినప్పుడే ఉత్తమ పురుష వినిపిస్తుంది. కవి ఎక్కడా తన విరహాన్ని గూర్చి చెప్పలేదు. అందుచేతనే ఆ విరహం చదివిన ప్రతివానిదీ అయింది.

ఒక ఉపాధ్యాయుని సందిగ్ధం

సిద్ధాంతం ఇంతవరకు సులభం. ఒక ఇంటి కథను వ్రాయడానికి కూర్చున్నప్పుడే దాని బరువు తెలుస్తుంది. పెద్దపల్లిలో పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయుడు తన తండ్రిని గూర్చి నవల వ్రాయ సంకల్పించాడు. తండ్రి మంథనిలో ఘనాంతం అధ్యయనం చేసినవాడు, బాలురకు సంత చెప్పినవాడు. 1960లలో గోదావరిఖని బొగ్గుబావులు విస్తరించినప్పుడు, సంసార పోషణార్థం అక్కడ టైం ఆఫీసులో మస్టరు వ్రాసే ఉద్యోగంలో చేరాడు. ఆ దినం మొదలు కడవరకు ఆయన వేదాన్ని బిగ్గరగా పలుకలేదు. సంధ్యావందనం మానలేదు, కాని స్వరం వినిపించలేదు. ఎందుకని ఎవరూ అడుగలేదు, ఆయన చెప్పలేదు. ఇంటిలో భార్య మాత్రం ప్రతి ప్రాతఃకాలం పంచపాత్ర, ఉద్ధరిణి తోమి పీట పక్కన పెట్టేది.

ఉపాధ్యాయుడు మొదట 'నేను' అని వ్రాశాడు. నలుబది పుటలు వేగంగా నడిచాయి. చదివి చూచుకొంటే అందులో తండ్రి లేడు. తనకు వేదం చెప్పకపోయిన తండ్రి మీద కుమారుని ఫిర్యాదు మాత్రమే ఉన్నది. తండ్రి మౌనం అంతా 'నాకు దక్కనిది'గా మారిపోయింది.

రెండవసారి తండ్రి నోట 'నేను' అని వ్రాయ యత్నించాడు. ఇది పరకాయప్రవేశం వంటిది. శంకర విజయంలో ఆచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన గాథ ప్రసిద్ధం. అక్కడ కూడా ఆచార్యుల అసలు దేహాన్ని శిష్యులు కాపాడవలసి వచ్చింది, మరచిన స్వరూపాన్ని వారే వచ్చి గుర్తుచేయవలసి వచ్చింది. ఇతరుని 'నేను'లోకి వెళ్లడం కన్న, తిరిగి రావడం కష్టం. ఉపాధ్యాయుడు తండ్రి మౌనానికి కారణాలు కల్పించసాగాడు. బొగ్గుధూళి నడుమ స్వరం పలుకరాదనే నియమమని ఒక అధ్యాయంలో, దారిద్ర్యం వల్ల కలిగిన అవమానమని మరొక అధ్యాయంలో, కోపమని ఇంకొక అధ్యాయంలో వ్రాశాడు. ప్రతి కారణమూ నమ్మదగినట్లే ఉన్నది. ఏదీ తండ్రి చెప్పినది కాదు. గతించినవాని నోట తన మాటలు పెడుతున్నానని గ్రహించి అక్కడ ఆగాడు.

ఆ సమయంలో తండ్రితో కలిసి అధ్యయనం చేసిన ఒక వృద్ధుని దర్శించడానికి మంథని వెళ్లాడు. వృత్తాంతమంతా విని ఆ వృద్ధుడు అడిగాడు:

"మీ బాపు ఎందుకు ఆపిండో నీకు తెలుసునా?"

"తెల్వదు తాతా. అమ్మకు కూడ చెప్పలేదు."

"మరి తెల్వంది తెల్వదన్నట్టే రాయి బిడ్డా. తెలిసినట్టు రాస్తె అది నీ బాపు కథ ఎట్లయితది?"

మూడవసారి అతడు ప్రథమ పురుషను ఆశ్రయించాడు. అప్పుడు తెలుగు భాష మరొక ద్వారం వద్ద నిలిపింది. ఇంగ్లీషులో పురుషునికి ఒక్కటే సర్వనామం. తెలుగులో వాడు, అతడు, ఆయన, వారు అని నాలుగు. ఏది ఎంచుకొన్నా కథకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో ఆ క్షణంలోనే బయటపడుతుంది. 'లోపలి మనిషి' వంటి అనువాదానికి పూనుకొన్న ప్రతివాడూ ఈ ఎంపిక చేయక తప్పదు. తండ్రిని 'ఆయన' అంటే కథ చెప్పేది కుమారుడని తెలిసిపోతుంది, భక్తి కన్నుకు అడ్డు వస్తుంది. 'అతడు' అంటే సమదృష్టి. కాని బాపును 'అతడు' అని వ్రాయడానికి చేయి రాలేదు. పితృద్రోహం చేసినట్లు తోచింది. కొన్ని వారాలు ఆ ఒక్క పదం దగ్గర రచన నిలిచిపోయింది.

చివరకు అతడు చేసిన నిర్ణయం వినడానికి స్వల్పం. కథను తల్లి చూపు వెంట నడిపాడు. ఆమె దృష్టిలో భర్త 'ఆయన' కావడం సహజం, కుమారుడు 'వాడు' కావడం అంతకన్న సహజం. వాడు పదేళ్లవాడు, వాకిట్లో ఆడుకుంటాడు, అలిగి బువ్వ తినడు. అరవై ఏళ్లుగా మోసిన ఫిర్యాదు ఆ 'వాడు' అనే పదంలోకి చేరగానే ఎంత చిన్నదో ఉపాధ్యాయునికి కనబడింది. తండ్రి ఉదయం పీట మీద కూర్చుంటాడు, పెదవులు కదులుతాయి, స్వరం రాదు. తల్లి పాత్ర పెట్టి లోపలికి వెళుతుంది. కథకుడు ఆమె వెంట వంటింట్లోకి వెళతాడు గాని ఆ పెదవుల లోపలికి వెళ్లడు. నవలలో ఆ మౌనం మౌనంగానే ఉండిపోయింది. ఆశ్చర్యమేమంటే, మూడు రచనలలో తండ్రి సజీవంగా కనబడింది ఇందులోనే.

దృక్కు, దృశ్యం

'దృగ్దృశ్య వివేకం' అనే ప్రకరణ గ్రంథం ఆరంభంలోనే ఒక సోపానాన్ని చూపుతుంది. రూపం దృశ్యమైతే నేత్రం దృక్కు. ఆ నేత్రమే దృశ్యమైతే మనస్సు దృక్కు. మనోవృత్తులే దృశ్యమైతే సాక్షి దృక్కు. సాక్షిని చూచేది మరొకటి లేదు. కథన రీతులను ఈ సోపానం మీద నిలిపి చూడవచ్చు. పాత్రల చేష్టలనూ సంభాషణలనూ మాత్రమే చెప్పే కథనం నేత్ర స్థాయిలోనిది. ఒక పాత్ర మనస్సును అనుసరించే కథనం, అది 'నేను' అన్నా 'అతడు' అన్నా, మనఃస్థాయిలోనిది. ఆ మనస్సు తన్ను తాను ఎలా సమర్థించుకుంటున్నదో కూడా చూపగలిగిన కథనంలో సాక్షి ఛాయ పడుతుంది. ఇక్కడ సర్వనామం ప్రధానం కాదు. చూచేది దేనిని, చూడబడేది ఏది అన్నదే ప్రధానం.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యాన్ని సర్వనామ విచారంతోనే ఆరంభించారు. 'నీవు' అనే ప్రత్యయానికి విషయమైనదీ, 'నేను' అనే ప్రత్యయానికి విషయమైనదీ వెలుగుచీకట్ల వలె పరస్పర విరుద్ధాలైనప్పటికీ, లోకం వాటిని కలగలిపి వ్యవహరిస్తున్నదనీ, ఆ కలగలుపే అధ్యాస అనీ వారి ప్రతిపాదన. ఉపాధ్యాయుని మొదటి రచనలో తండ్రి మౌనం మీద కుమారుని ఆశాభంగం ఆరోపితమైంది. రెండవ రచనలో తండ్రి 'నేను' మీద కుమారుని ఊహ ఆరోపితమైంది. రెండూ అధ్యాసలే. మూడవదానిలో ఆరోపం తొలగింది, వస్తువు తన స్థానంలో తాను నిలిచింది.

ముండకోపనిషత్తులో ఒకే వృక్షం మీద రెండు పక్షులు ఉన్నాయి. ఒకటి ఫలం భుజిస్తుంది, రెండవది భుజించక చూస్తుంది. కథ వ్రాసేవానిలో ఈ రెండూ ఉండాలి. భుజించిన పక్షి లేకపోతే కథకు రుచి ఉండదు. తండ్రి ప్రేమకై ఆశించిన బాలుడు లేకుంటే ఆ నవల పుట్టేదే కాదు. చూచే పక్షి లేకపోతే కథ ఫిర్యాదుగానో ఆత్మస్తుతిగానో ముగుస్తుంది. దృష్టికోణాన్ని ఎంచుకోవడమంటే భుజించిన పక్షిని తరిమివేయడం కాదు. లేఖినిని చూచే పక్షి చేతికి ఇవ్వడం.

సర్వజ్ఞ కథనాన్ని గూర్చి ఒక మాట. సర్వజ్ఞత్వం ఈశ్వర లక్షణం. కవికి అది అనుగ్రహం వల్ల, తపస్సు వల్ల లభించినదని వాల్మీకి గాథ చెబుతున్నది. మహాకవి పోతన తన భాగవతానికి కర్తృత్వాన్ని శ్రీరామునికే సమర్పించాడు. జీవుడు కథలో అందరి హృదయాలలోకీ ప్రవేశించడం నిషిద్ధమేమీ కాదు. కాని అది ఎరువు తెచ్చుకొన్న అధికారమనే ఎరుక ఉండాలి. తనకు తెలియని చోట నిలిచిపోగల కథకునికే ఆ ఎరువు శోభిస్తుంది.

సాధకులకు వినియోగం

నవలలు వ్రాయని వారికీ ఈ విచారం నిరుపయోగం కాదు. ప్రతి మనుష్యుడూ రాత్రి శయ్య మీద తన దినచర్యను తనకు తాను కథగా చెప్పుకుంటాడు. ఆ కథ దాదాపు ఎల్లప్పుడూ ఉత్తమ పురుషలోనే ఉంటుంది. అందులో 'నేను' న్యాయవంతుడు, ఇతరులు అన్యాయపరులు. ఆ దినం మనస్సును కలచిన ఒక్క సంఘటనను మూడు విధాలుగా వ్రాసి చూడడం మంచి అభ్యాసం. మొదట 'నేను' అని, పిదప ఎదుటి వ్యక్తి స్థానంలో నిలిచి, చివరకు ఇద్దరినీ 'అతడు', 'ఆమె' అని. మూడవ వ్రాతలో తన పాత్రకు ఏ సర్వనామం వాడాలో తోచక చేయి తడబడితే, అభిమానం ఎక్కడ పట్టుకొని ఉన్నదో ఆ తడబాటే చెబుతుంది. ఎదుటి వ్యక్తి మనస్సులో కారణాలు కల్పించవలసి వచ్చినప్పుడు, తెలియనిదానిని తెలియదని విడిచిపెట్టాలి. ఆ ఖాళీయే క్షమకు చోటిస్తుంది.

వ్యాకరణం బోధించిన క్రమం ఇప్పుడు మరొక విధంగా అర్థమవుతుంది. మొదట 'అతడు', ఆ పిమ్మట 'నీవు', కడపట 'నేను'. లోకాన్ని యథార్థంగా చూచి, ఎదుటివానిని ఆదరంగా సంబోధించి, ఆ తరువాతనే 'నేను' అని పలికే అర్హత సంపాదించుకోవాలి. అట్లు పలికిన 'నేను'లో చెప్పుకోవలసిన ఫిర్యాదు ఏదీ మిగలదు.

శ్రీ గౌతమేశ్వరార్పణమస్తు.